విదేశీ సాయం తలుపు తడితే ఏది తీసుకోవాలి? నెల్లూరు, ప్రకాశం చిన్న సంఘాల కోసం ఒక పోలిక

పోయిన వేసవిలో కావలి వైపు నుంచి ఒక కుర్రాళ్ల సంఘం వాళ్లు ఫోన్ చేశారు. కాలువ గట్టు మీద ఉండే ఒక యానాది గిరిజనుల కాలనీలో వాళ్లు పనిచేస్తున్నారు. ఒకే నెలలో మూడు చోట్ల నుంచి కబురు వచ్చిందట. అమెరికాలో స్థిరపడిన మన వైపు వాళ్లు కొందరు వాటర్ ప్లాంట్ పెట్టిస్తామన్నారు. ఒక విదేశీ సంస్థ పిల్లలను చదివిస్తామంది, ఒక్కో పిల్లకు ఒక్కో దాత అన్న పద్ధతిలో. యూరప్ ఫౌండేషన్ ఒకటి డబ్బు తక్కువే ఇస్తానంది గానీ, రెండేళ్ల పాటు కాలనీ వాళ్ల గుర్తింపు పత్రాల మీద, వెట్టిచాకిరీ మీద పనిచేయమని అడిగింది. "అన్నా, మూడూ మోసేంత మనుషులం లేం. ఏది పట్టుకోమంటావు?" అన్నారు.

ఫోన్లో పావుగంటలో చెప్పింది నాకే చాల్లేదు. కావలి, కందుకూరు మధ్య ఊళ్లలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. తప్పుడు ఎంపికలు కూడా చేశాను. ఇలాంటి ప్రశ్న మీ ముందుకూ రావచ్చు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఏ తూకంతో తూచాలో తేల్చుకోవాలి. కనిగిరి ప్రాంతం సంగతి తీసుకుందాం. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులను మనమంతా చూసినవాళ్లమే. అక్కడికి సాయం తెచ్చేవాళ్లు సాధారణంగా రోజుకు ఎన్ని క్యాన్లు కావాలని అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే ఇంకో ప్రశ్న ఉంది: మంచినీళ్లు ఇవ్వాల్సింది ఎవరు, ఇన్నేళ్లూ ఎందుకు ఇవ్వలేదు, ఊళ్లోకి వచ్చిన పైపు కాలనీ మలుపు దగ్గరే ఎందుకు ఆగింది? మొదటి ప్రశ్న వేసినప్పుడు అవతలి మనిషి సాయం పొందేవాడు. రెండోది వేసినప్పుడు హక్కున్నవాడు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన మాట కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలన్నీ 2003లో కూర్చుని అభివృద్ధి సహకారం ఎలా ఉండాలో ఒక ఉమ్మడి అవగాహనకు వచ్చాయి. ప్రాజెక్టు లక్ష్యమే హక్కులు అమలయ్యేలా చూడడం కావాలి, పనిచేసే తీరు కూడా ఆ ప్రమాణాలకు లోబడే ఉండాలి, హక్కున్నవాళ్లకు అడిగే శక్తి, బాధ్యత ఉన్నవాళ్లకు తీర్చే శక్తి పెంచాలి. సారాంశం అంతే. తాగునీరు మానవ హక్కు అని ఐరాస సర్వసభ్య సభ 2010 జులై 28న తీర్మానించింది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోనూ, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోనూ మన దేశం 1979లోనే చేరింది. బాలల హక్కుల ఒడంబడికకు 1992లో, స్త్రీల పట్ల వివక్ష రూపుమాపే ఒడంబడికకు 1993లో ఒప్పుకుంది. "ఇదంతా విదేశీ గొడవ" అని ఎవరైనా అంటే, మన ప్రభుత్వం సంతకం పెట్టిన మాటనే గుర్తు చేస్తున్నామని చెప్పండి.

కాబట్టి నేను వాడే తూకం ఒక్కటే. ప్రాజెక్టు అయిపోయి జీపు వెళ్లిపోయిన మరుసటి ఏడాది, ఆ కాలనీ మనిషి ఆఫీసుకు ఒంటరిగా వెళ్లి అడగగలడా? అడిగితే అక్కడ జవాబు చెప్పక తప్పని స్థితి ఉందా?

కట్టి ఇచ్చే సాయం

బోరు, వాటర్ ప్లాంట్, కమ్యూనిటీ హాలు, కుట్టు మిషన్లు. దాతకు ఫోటో వస్తుంది, ఊరికి వస్తువు వస్తుంది, ఆరు నెలల్లో పని అయిపోతుంది. అత్యవసరంలో దీనికి తిరుగులేదు. తుఫాను వచ్చి గుడిసెలు ఎగిరిపోయిన రోజు హక్కుల క్లాసు చెప్పేవాడు మూర్ఖుడు. ఆ రోజు టార్పాలిన్ కావాలి, బియ్యం కావాలి.

మిగతా రోజుల సంగతి వేరు. మేం ఒకసారి విదేశీ డబ్బుతో ఒక కాలనీకి నీళ్ల ప్లాంట్ పెట్టించాం. దాత పేరు ఇక్కడ అనవసరం, తప్పులో సగం మాదే. ప్రారంభం రోజు పండగ చేశాం. రెండో ఏడు నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పోయింది. మార్చడానికి డబ్బు లేదు. కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉండాలన్న గొడవ తేలలేదు. పంచాయతీకి వెళ్తే "మీకు ప్లాంట్ ఉంది కదా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా ప్లాంట్ కాలనీకి నీళ్లు ఇవ్వడం మానేసింది సరే, పంచాయతీ కుళాయి అడిగే నోటిని కూడా మూసేసింది.

2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత మా తీరంలో కూడా ఇలాంటిదే చూశాం. సాయం పడవ లెక్కన, వల లెక్కన వచ్చింది. పడవ పోయినవాడికి పడవ. అసలు పడవే లేకుండా ఏటి పాయల్లో చేతులతో చేపలు, పీతలు పట్టుకునే యానాది కుటుంబానికి పోయింది ఏమిటో రాసుకునే గడి కూడా ఆ ఫారంలో లేదు. ఇచ్చినవాళ్లది మంచి మనసే. కానీ ఎవరు లెక్కలోకి వస్తారన్న ప్రశ్న ముందు అడగకపోతే, మంచి మనసు ఉన్నవాడికే ఇంకొంచెం పెడుతుంది.

ఈ దారి ఎంచుకుంటే కనీసం ఇంత చేయండి: పంచాయతీ తీర్మానం, నిర్వహణ బాధ్యత ఎవరిదో రాతలో, కరెంటు మీటరు ఎవరి పేరునో ముందే తేలాకే పునాది తవ్వండి.

ఒక పిల్లకు ఒక దాత

దీని గురించి ఎక్కువ చెప్పను. చదువు ఆగిపోబోయిన ఆడపిల్ల డిగ్రీ దాకా వెళ్లడం కళ్లారా చూశాను, ఆ విలువ కాదనను. కానీ ఒకే ఇంట్లో ఒకరికి దాత దొరికి ఇంకొకరికి దొరకకపోతే ఆ తల్లి ముఖం చూడలేం. పిల్ల ఫోటో, ఊరి పేరు, ఇంటి కష్టం ముక్కూముఖం తెలియని వాళ్లకు పంపాలి. పైగా 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత చదువు బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. సంస్థ ఫీజు కడుతుంటే బడి ఎందుకు నడవడం లేదని అడిగేవాళ్లు తగ్గిపోతారు. తీసుకోవాల్సి వస్తే పిల్లల పేర్ల మీద కాకుండా బడి మొత్తానికి, ఊరి పిల్లలందరికీ ఖర్చయ్యేలా మార్చమని దాతను అడగండి. మేం అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు.

హక్కుల ప్రాజెక్టు

డబ్బు తక్కువ, పని ఎక్కువ, ఫోటోకు ఏమీ ఉండదు. అయినా ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

యానాది కాలనీలో అడుగుపెడితే మొదట కనపడేది పేదరికం. రెండో రోజుకు కనపడేది కాగితం లేకపోవడం. పుట్టిన తేదీ నమోదు కాలేదు, కాబట్టి ఆధార్ కుదరలేదు, కాబట్టి రేషన్ కార్డులో పేరు లేదు, కుల ధ్రువపత్రం లేదు, హాస్టల్ సీటు లేదు, ఇంటి స్థలం పట్టా లేదు. ఒక ముడి విప్పితే ఇంకోటి. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే ఆర్డీఓ దాకా వెళ్లాలి. ఆర్డీఓ ఆఫీసుకు ఒక రోజు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, మూడు సార్లు తిరిగితే ఆ నెల అప్పు. ఒక ముసలమ్మ నాతో అన్న మాట: "సారూ, మేం యాడుండామో రొయ్యల గుంట యజమానికి తెలుసు, పోలీసోళ్లకి తెలుసు. గవర్నమెంటుకి మాత్రం తెలీదంట."

ఇక అడ్వాన్స్. గుంటల కాపలాకో, బాతుల మేపుకో పోతూ ఒక కుటుంబం అడ్వాన్స్ తీసుకుంటుంది. అది తీరదు. తీరేదాకా వేరే చోటికి పోవడానికి లేదు, పిల్లలు కూడా పనిలోకి దిగుతారు. మన ఊళ్లలో దీన్ని అప్పు అంటారు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దీన్ని వెట్టి అంటుంది, ఆ బాకీ చెల్లదని కూడా చెబుతుంది. విచారణ జరిగి, వెట్టి నుంచి విముక్తి అయినట్టు అధికారి ఇచ్చే విడుదల పత్రం చేతికొచ్చి, కేసులో వెట్టి రుజువైతే కేంద్ర పథకం కింద పునరావాస సాయం ఉంది: మగవారికి 1 లక్ష, స్త్రీలు, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు. ఈ డబ్బు చిన్నది కాదు. హక్కుల ప్రాజెక్టు బలం ఇక్కడే ఉంది. పెట్టే ఖర్చు ఒక కార్యకర్త జీతం, బస్సు చార్జీలు, జిరాక్సులు. కదిలేది మాత్రం ప్రభుత్వ ఖజానా. అది దానం కాదు, వాళ్లకు రావాల్సింది.

ఇందులో ప్రమాదాలూ ఉన్నాయి, దాచను. విడుదల పత్రం కోసం అర్జీ పెట్టిన రోజు సాయంత్రమే కాలనీకి బెదిరింపు వస్తుంది. పని పోతుంది. కిరాణా కొట్టులో అరువు ఆగిపోతుంది. దాత ఆ కాలనీలో ఉండడు, మీరు కూడా రాత్రికి ఇంటికి వెళ్లిపోతారు. కాబట్టి ఈ ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందు దాతను మూడు మాటలు అడగండి. బెదిరింపు వస్తే వకీలు ఖర్చు, రెండు నెలల తిండి గింజల ఖర్చు బడ్జెట్లో ఉందా? నెలకు ఎన్ని కేసులు అని టార్గెట్ పెడతారా? మా రిపోర్టుల్లో మనుషుల పేర్లు అడుగుతారా? రెండో, మూడో ప్రశ్నలకు అవును అన్నవాళ్లతో మేం పనిచేయం. టార్గెట్ కోసం ఒక కుటుంబాన్ని తొందరపెట్టి అర్జీ పెట్టిస్తే దెబ్బ తగిలేది ఆ కుటుంబానికే.

పెద్ద ప్రాజెక్టులు: ప్రభుత్వం ద్వారా వచ్చేవి

వీటిని చిన్న సంఘాలు ఎంచుకోవు, అవే ఊళ్లోకి వస్తాయి. కానీ ఎలా వాడుకోవాలో ఎంచుకోవచ్చు. నెల్లూరు జిల్లా 1990ల్లో బ్రిటన్ సాయంతో నడిచిన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు కూడా బ్రిటన్ డబ్బే, అందులో ఉన్న ఐదు జిల్లాల్లో ప్రకాశం ఒకటి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం భూగర్భ జలాల మీద రైతులే నడిపిన ప్రాజెక్టు. నెదర్లాండ్స్ డబ్బు, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహణ. ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాలు, 600కు పైగా ఊళ్లు. అందులో రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు. వర్షమాపకం చదవడం నేర్పారు, బావిలో నీటిమట్టం కొలవడం నేర్పారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈ ఏడు ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని పంట నీటి బడ్జెట్ వేసుకునేవారు. ఏది వేయాలన్న నిర్ణయం రైతుదే. హక్కు అన్న మాట పెద్దగా వాడకుండానే సమాచార హక్కును పొలం గట్టు దాకా తెచ్చిన పని అది. అంతకుముందు ఆ లెక్క చెప్పేవాడు ఇంజనీరు. ఆ తర్వాత బడికి పోని ఆడమనిషి కూడా లెక్క చెప్పగలిగింది. దాతలతో మాట్లాడేటప్పుడు నేను ఈ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే "హక్కుల పని అంటే ధర్నాలే కదా" అని భయపడేవాళ్లకు ఇది జవాబు.

పెద్ద అప్పులతో వచ్చే ప్రాజెక్టుల్లో ఇంకో కోణం ఉంది. విశాఖ, చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో నిధులు ఒప్పుకుంది. ఆ కారిడార్ నోడ్లలో, అంటే పరిశ్రమలు పెట్టాలనుకున్న కేంద్రాల్లో, మన దొనకొండ పేరు ఉంది. ఇలాంటి చోట మన పని డబ్బు అడగడం కాదు, కాపలా కాయడం. ప్రపంచ బ్యాంకు డబ్బుతో జరిగే పని వల్ల నష్టపోతున్నామనుకునే జనం నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి 1993లో తనిఖీ ప్యానెల్ ఏర్పడింది. ఆసియా అభివృద్ధి బ్యాంకుకూ అలాంటి యంత్రాంగం ఉంది. డీకేటీ భూమి (ప్రభుత్వం పేదలకు పంచే భూమి) సాగు చేసుకుంటూ చేతిలో కాగితం లేని కుటుంబాలు మీ ఊళ్లో ఉంటే, సర్వే రాళ్లు పడకముందే వాళ్ల జాబితా రాసిపెట్టుకోండి.

ఎంపికను చట్టం ముందే సగం తేల్చేస్తుంది

ఇక్కడ చాలామంది కుర్రాళ్లు బోల్తా పడతారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, 2010ది. దాని కింద విదేశీ డబ్బు తీసుకునే రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో తన పనుల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత లేని కొత్త సంఘానికి మిగిలేది ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా పనికి, ఇంత మొత్తం ఇస్తానని రాసిన ఉత్తరంతో దరఖాస్తు చేయాలి. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఒక సంస్థ తన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. హైదరాబాద్ పెద్ద సంస్థ నుంచి మన మండలానికి చిన్న వాటా రావడం అనే పాత పద్ధతి దాంతో పోయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది కూడా. హక్కుల పనిలో ఖర్చంతా మనుషులూ, ప్రయాణాలే. ఏది పరిపాలన కింద పోతుందో, ఏది కార్యక్రమం కింద పోతుందో ఒప్పందానికి ముందే ఆడిటర్‌తో కూర్చుని రాసుకోండి, లేకపోతే డిసెంబర్ 31 లోపు విదేశీ నిధుల లెక్కల రిటర్న్ వేసేటప్పుడు టెన్షన్ తప్పదు.

కొన్ని వెసులుబాట్లూ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు ఈ చట్టం దృష్టిలో విదేశీ మూలం కావు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడ రిజిస్టర్ అయిన అసోసియేషన్ ఖాతా నుంచి వచ్చినా అంతే. "మన నెల్లూరోళ్లే కదా అన్నా" అంటే కుదరదు. పాస్‌పోర్టు అడగండి, మొహమాటపడొద్దు.

హక్కుల పని చేస్తే రాజకీయం అంటారేమో అన్న భయం గురించి ఒక మాట. 2020 మార్చి 6న సుప్రీంకోర్టు, రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజల సమస్య కోసం బంద్, రాస్తారోకో లాంటివాటికి మద్దతిచ్చినంత మాత్రాన ఒక సంస్థను రాజకీయ సంస్థగా చూడకూడదని చెప్పింది. ఆ తీర్పు కాపీ మీ ఫైల్లో ఉండాలి.

ఇంకో సంగతి, దాతల డబ్బు ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో లేదు. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం అభివృద్ధి సాయానికి ఇవ్వాలని ఐరాస 1970లో లక్ష్యం పెట్టింది, అది అందుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. బ్రిటన్ మన దేశానికి నేరుగా ఇచ్చే ఆర్థిక సాయాన్ని 2015తో ముగించింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపేసింది, జులై 1కి యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. రేపటి జీతం ఆ డబ్బు మీదే ఆధారపడిన కార్యకర్తలకు ముందురోజు దాకా తెలియదు. అందుకే సంఘం ఖర్చులో కొంత వాటా ఊరి చందాతోనో, సభ్యత్వంతోనో నడవాలి. పదో వంతైనా సరే.

డబ్బు లేని దారి

దీన్ని కూడా ఒక ఎంపికగానే పక్కన పెట్టి చూడండి. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైనప్పుడు ఏ విదేశీ దాతా లేడు. ఉన్నవి సాక్షరతా ఉద్యమం రాత్రి బడులు, అక్కడ పలకలు పట్టిన ఆడవాళ్లు, ఉద్యమాన్ని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ లాంటి మనిషి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. మన జిల్లా ఆడవాళ్లు సాధించినంత పని చేసిన విదేశీ ప్రాజెక్టు నాకు తెలిసి మన వైపు లేదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదుకు రుసుము లేదు, తెలుగులో రాసుకోవచ్చు. ఘటన జరిగిన ఏడాది లోపు మాత్రం పంపాలి. అంతర్జాతీయ వేదిక కావాలంటే, ఐరాస మానవ హక్కుల మండలిలో మన దేశం పరిస్థితిపై కొన్నేళ్లకోసారి జరిగే సమీక్షకు పౌర సంఘాలు సమాచారం పంపవచ్చు. 2022 నవంబర్‌లో ఒక విడత జరిగింది. అక్కడి నుంచి మీ కాలనీకి కుళాయి రాదు. కానీ పెద్ద నివేదికలు రాసేవాళ్లకు నెల్లూరు జిల్లా నుంచి కచ్చితమైన నాలుగు కేసులు దొరకడం చిన్న విషయం కాదు.

నేనైతే ఏం చేస్తాను

మూడేళ్లు నిండని సంఘమైతే విదేశీ ప్రాజెక్టు వెంట పరుగెత్తను, దాతే ముందుకొస్తే ముందస్తు అనుమతికి దరఖాస్తు పెట్టి నా పని నేను చేసుకుంటాను. ఎఫ్‌సీఆర్‌ఏ ఉండి, కార్యకర్తలు ఇద్దరికి మించి లేకపోతే హక్కుల ప్రాజెక్టు ఒక్కటే తీసుకుంటాను, అదీ ఒకే కాలనీలో. పది మంది సిబ్బంది ఉన్న సంస్థ అయితే నీళ్ల ప్లాంట్ లాంటిది కూడా తీసుకోవచ్చు, పక్కనే పంచాయతీని అడిగే పని నడిపిస్తూ. పిల్లల స్పాన్సర్‌షిప్ మాత్రం బడి మొత్తానికి మారితేనే.

కావలి కుర్రాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ లేదు, సంఘానికి ఏడాదిన్నర వయసు. యూరప్ ఫౌండేషన్‌ను ఉత్తరం ఇమ్మని అడిగి ముందస్తు అనుమతికి దరఖాస్తు పెట్టమన్నాను. అమెరికా వాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముగ్గురు తేలారు. ప్లాంట్ బదులు, ఒక అమ్మాయికి ఏడాది జీతం, ఆర్డీఓ ఆఫీసుకు తిరిగే చార్జీలు, పోయిన రోజు కూలి ఇవ్వగలరా అని వాళ్లను అడిగాం. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన ప్లాంట్ అయితేనే అన్నాడు. ఆయనకు నమస్కారం పెట్టి వదిలేశాం. నీళ్ల కోసం, ఇంటింటికీ కుళాయి ఇస్తామన్న జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన పంచాయతీకి అర్జీ పెట్టారు.

ఆ అమ్మాయి అదే కాలనీ పిల్ల, ఇంటర్ చదివింది. మొదటి నెలంతా ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ కాగితం లేదో నోట్‌బుక్‌లో రాసింది. ఒక సోమవారం ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని కలెక్టరేట్‌కు అర్జీలు ఇవ్వడానికి వెళ్లింది. నేను గేటు బయటే నిలబడ్డాను, లోపలికి రావద్దని ఆమే చెప్పింది. బయటికి వచ్చాక ఒకామె తన రసీదు చూపించి, ఆ నంబరు గట్టిగా చదివి వినిపించమంది. రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తనే చెప్పింది.